అక్క చలికి నంబరు

నంబర్లను నమ్మకపోవడం నాకు పత్తి యార్డులో అబ్బిన గుణం. జనగామలో నాయిన పత్తి అమ్మేటప్పుడు కొనేవాళ్లు తేమ చూసే మిషనును కుప్పలో గుచ్చేవారు. ఒకే కుప్పకు ఎండ పక్క ఒక నంబరు, నీడ పక్క ఇంకో నంబరు వచ్చేది. ధర తగ్గించడానికి వాళ్లు ఎప్పుడూ తేమ ఎక్కువ చూపే నీడ పక్కదే పట్టుకునేవారు. నాయిన మాత్రం మోచేతి దాకా చెయ్యి పత్తిలో దూర్చి చూసుకుని, ఆ మిషను వంక ఎగాదిగా చూసేవాడు. ఆ చూపే నాకూ వచ్చింది. పాల ప్యాకెట్టు మీది తేదీనైనా, పెట్రోలు బంకులో తిరిగే అంకెలనైనా అలాగే చూస్తాను. మా ఇంట్లోవాళ్లు నాతో దుకాణాలకు రావడం ఎప్పుడో మానేశారు.

అందుకే మొన్న చలికాలం స్లీపింగ్ బ్యాగు కొనడానికి నా వెంట వచ్చింది మా అక్క ఒక్కతే. కావలసింది ఆమెకే మరి. గార్లలో మిరప తోట చూసుకునే మనిషి, యాభై దాటాక, వీపున సంచీ వేసుకుని మంచు కొండల్లో నడిచేవాళ్లను ఫోనులో చూసి, తానూ పోతానని పట్టుబట్టింది. నాకేమో భయం. అంతకుముందు ఏడాదే ఛాతీలో నిమ్ము చేరి దవాఖానలో పడి లేచింది. చలి తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమెను వెచ్చగా ఉంచే బ్యాగు దొరికితేనే ప్రయాణం, లేదంటే లేదు అని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం.

హైదరాబాదు దుకాణంలో చూపించిన బ్యాగు మీద పెద్ద అక్షరాల్లో ‘ఐదు డిగ్రీలు’ అని ఉంది. నేను ఊరుకుంటానా, లోపలి గుడ్డ తిరగేశాను. చిన్న అక్షరాల్లో మూడు నంబర్లు! కంఫర్ట్ పది, లిమిట్ ఐదు, మూడోది సున్నాకు ఎంతో కింద. ఒక్క బ్యాగుకు మూడు నంబర్లేమిటి? పత్తి యార్డు కళ్ల ముందు కదిలింది. దుకాణదారు ఓపిగ్గా వివరించబోతే నా అనుమానం ఇంకా పెరిగింది. అంత ఓపిక దేనికి?

అక్క అద్దాలు పెట్టుకుని చూసి, “గీ నంబరు ఎవల్ని పండవెట్టి రాసిన్రు బిడ్డా?” అని అడిగింది.

ఆయన నవ్వి చెప్పాడు. కంఫర్ట్ అంటే ఆడమనిషి హాయిగా నిద్రపోగలిగే చలి. లిమిట్ అంటే మగమనిషి ముడుచుకుని పడుకుని ఓర్చుకునే చలి. మూడోది ప్రాణం మిగిలితే చాలనుకునే చలి. అంటే పైన పెద్దగా వేసింది మగవాడి నంబరన్నమాట. మేం పోయే చోట ఐదుకు దిగుతుంది కనుక అక్కకు కంఫర్ట్ సున్నా ఉన్నదే తీసుకోమన్నాడు. అది బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే. అదీ సంగతి, అసలు గుట్టు బయటపడింది అనుకున్నాను. అక్క కూడా తేలికదే చాలంది. తనకు చలి పెట్టదని నాకు తెలుసు కదా అంది.

తెలుసు. చిన్నప్పుడు మేమిద్దరం నాయిన వెంట పోయి, వంతు కోసం యార్డులోనే పడుకునేవాళ్లం. ఇద్దరికీ ఒకటే గొంగడి. తెల్లారి చూస్తే అది మొత్తం నా మీదే ఉండేది. అడిగితే తనకు చలి పెట్టదనేది. నేను తిరగేసి చూడని మాట లోకంలో అదొక్కటే.

అయినా నా బుద్ధి ఊరుకోదు కదా. ఆ ఐదు డిగ్రీల బ్యాగులే రెండు అద్దెకు తెచ్చి, భూపాలపల్లి తోవలో రేగొండ దాటాక, దోస్తు చెలకలో గుడారం వేశాను. ఒక్కదాన్ని నమ్మలేక రెండు థర్మామీటర్లు వేలాడదీశాను. తెల్లారి రెండూ ఏడుకు కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. అక్క అప్పటికే లేచి బయట రాళ్ల పొయ్యి మీద చాయ పెడుతోంది. మస్తు నిద్ర పట్టిందని, చలే కాలేదని చెప్పింది. నాకు సంబరమైంది. దుకాణదారు అబద్ధం తేలిపోయిందని మురుస్తూ లేవబోతే, నా మీద నుంచి ఏదో జారింది. అక్క శాలువ. దాని కింద ఆమె స్వెటరు.

గుడారంలోంచి తొంగి చూశాను. చేతులు దాదాపు మంటలోనే పెట్టి కూర్చుంది. కొంగు అడ్డం పెట్టుకుని, నాకు వినపడకుండా దగ్గుతోంది. అడిగితే ఏం చెబుతుందో తెలుసు కనుక, చాయ తాగి గుడారం విప్పేశాను.

మళ్లీ అదే దుకాణానికి పోయి కంఫర్ట్ సున్నా ఉన్న బ్యాగు తీయమన్నాను. గంత బరువుది ఎందుకని అక్క గొణిగింది. “నాకు సలి వెట్టదని చెప్తున్న గదరా.”

“గా అమ్మేటాయన మాటన్న నమ్ముత గని, నీ మాట నమ్మనక్కా,” అన్నాను.

అక్క దుకాణం నేల మీదే బ్యాగు పరిపించి, అందులో దూరి, జిప్పు గదవ దాకా లాక్కుంది. పైకప్పు వైపు చూస్తూ చాలాసేపు కదలకుండా పడుకుంది.

“గా యార్డుల మస్తు సలి ఉండేదిరా,” అంది మెల్లగా.

ఆ మాటను నేను తిరగేసి చూడలేదు.