విడిగా అమ్మకూడని బిళ్ళలు

మా ఆయన నంద్యాలలో గోదాముల్లో పురుగు చంపే పని చేసేవాడు. బస్తాల మీద పెద్ద పట్టాలు కప్పి, అంచుల చుట్టూ ఇసుక సంచులు పరిచి, లోపల గ్యాసు బిళ్ళలు పెట్టి, తలుపులకు సందు లేకుండా కాగితాలు అంటించేవాళ్ళు. గాలిలో తేమ తగిలితే చాలు, ఆ బిళ్ళ నుంచి గ్యాసు పుడుతుంది. పురుగు చస్తుంది. మనిషి ఉంటే మనిషీ చస్తాడు.

అందుకే ఆ పని అందరూ చేయడానికి లేదు. ఆయన శిక్షణకు పోయి వచ్చి, వ్యవసాయ శాఖ నుంచి అనుమతి తెచ్చుకున్నాకే ఆయన చేతికి డబ్బా ఇచ్చారు. ఆ బిళ్ళలు సర్కారు గోదాములకూ, అనుమతి ఉన్నవాళ్ళకూ తప్ప ఎవరికీ అమ్మకూడదు, విడిగా అసలు అమ్మకూడదు. పెట్టేటప్పుడు తెలిసిన మనిషి దగ్గరుండాలి. మనుషులుండే ఇంట్లో వాడకూడదు. ఈ మాటలు నాకు నోటికి వచ్చేశాయి, ఆయన అన్నిసార్లు చెప్పేవాడు. పని నుంచి వస్తే పెరట్లోనే నీళ్ళు పోసుకుని, బట్టలు విడిగా నానబెట్టి, అప్పుడు గాని గడప దాటేవాడు కాదు. నేను అప్పుడు ఒక చిన్న బడిలో పంతులమ్మను.

నాకు ఒక్కడే తమ్ముడు. మా అమ్మ చిన్నప్పుడే పోతే నేనే పెంచాను. ఆళ్ళగడ్డ నుంచి దొర్నిపాడు పోయే దారిలో మా ఊరు. వాడు అక్కడే నాయన ఇచ్చిన చేను చేసుకునేవాడు. వాడి పెళ్ళాన్ని నేను మరదలు అనుకోలేదు. కాన్పుకు మా ఇంటికే వచ్చింది. పాప పుట్టాక కూడా చాలా రోజులు మా దగ్గరే ఉంది. మరదలికి చదువు రాదు, కానీ అక్షరం కనిపిస్తే వదిలేది కాదు. అగ్గిపెట్టె, సబ్బు మీది కాగితం, గోడ మీది క్యాలెండరు, ఏదైనా సరే "దీని మీద ఏం రాసుంది వదినా?" అని నా చేత చదివించుకునేది. చదివి వినిపిస్తే ఏదో పెద్ద కథ విన్నట్టు తల ఊపేది. బడి నుంచి నేను వచ్చేసరికి జొన్నరొట్టెలు కాల్చి ఉంచేది, పాపను ఒళ్ళో వేసుకుని నా తల దువ్వేది. ఆడబిడ్డకూ మరదలికీ పొసగదంటారు. మా ఇద్దరికీ ఆ సంగతే తెలియదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక తమ్ముడు, మరదలు పాపను ఎత్తుకుని మా ఇంటికి వచ్చారు. అన్నాలు తిన్నాక తమ్ముడు అసలు సంగతి ఎత్తాడు.

"బావా, జొన్నలకు పురుగు పట్టింది. మీ గోదాములో బిళ్ళలుంటాయంట గదా. రొన్ని ఈయ్."

"అవి ఇచ్చేటివి కాదప్పా" అన్నాడు ఆయన.

"ఏందీ, నేనేమన్నా ఊరికే అడుగుతాండానా? దుడ్లు ఇస్తా."

"దుడ్ల మాట కాదు. చట్టం ఒప్పుకోదు. మనుషులు పండుకునే ఇంట్లో పెట్టేది కానే కాదు అది."

"బావమరిదికి బిళ్ళలిస్తే చట్టం వచ్చి పట్టుకుంటాదా?"

"చట్టం రాదు. గ్యాసు వస్తాది."

తమ్ముడి ముఖం ఎర్రబడింది. నేను ఏదో అనబోయే లోపల మరదలే అడ్డుపడింది. "అన్న వద్దంటాండాడు గదా, వద్దులే. ఎండబోసి యాపాకు కలుపుకుంటాం." ఆ తర్వాత మా ఆయన వైపు తిరిగి, "ఆ డబ్బా మీద ఏం రాసుంటాదన్నా?" అని అడిగింది. ఆయన చెప్పాడు. ఎర్ర గుర్తు, పుర్రె బొమ్మ, విషం అనే మాట ఉంటాయని, లోపల తెలుగులో కూడా ఒక కాగితం పెడతారని, ఎట్లా వాడాలో, ఏమైతే ఏం చేయాలో అందులో ఉంటుందని. అది కళ్ళు పెద్దవి చేసి విన్నది. తమ్ముడు మాత్రం బస్సు టైమయిందని లేచాడు. పోయేటప్పుడు బావతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు వానలు తెగ పడ్డాయి. వాళ్ళ ఇంటి మిద్దె కురిసి గాదెల్లోని జొన్నలు చెమ్మగిల్లాయి. మళ్ళీ పురుగు. ఈసారి తమ్ముడు మమ్మల్ని అడగలేదు. ఆళ్ళగడ్డలో తాను పైరు మందులు తెచ్చుకునే అంగట్లో అడిగాడు. ఆ అంగడాయనకు పైరు మందులు అమ్మడానికి లైసెన్సు ఉంది. ఈ బిళ్ళలకు లేదు. కానీ లోపలి నుంచి తెచ్చి, డబ్బా లేకుండా, పాత పేపరు ముక్కలో పొట్లం కట్టి ఇచ్చాడు.

తర్వాత జరిగింది తమ్ముడు చెప్పగా విన్నదే. వాడు గాదెల్లో బిళ్ళలు పెడుతుంటే మరదలు పక్కన నిలబడి అడిగిందట.

"దాని మీద ఏం రాసుంది?"

"ఏం రాయల్యా. పొట్లమే గదా."

"అన్న వద్దన్యాడు గదా అప్పుడు."

"అంగట్లో అమ్ముతాండారు. అమ్మకూడనిదైతే అంగట్లో యాడ దొరుకుతాది?"



గాదెలున్న గది, వాళ్ళు పడుకునే గది ఒకటే గోడకు అటూ ఇటూ. మధ్యన తలుపు కూడా లేదు. ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. తమ్ముడు చేనికి పోయాడు, పాప పక్కింట్లో ఆడుకుంటోంది. జల్లు కొడుతోందని మరదలు వాకిలి తలుపు మూసుకుని కాసేపు నడుం వాల్చింది. తమ్ముడు తిరిగి వచ్చేసరికి వాంతులు చేసుకుంటూ గడప దగ్గర కూర్చుని ఉంది. గుండెలు పట్టేసినట్టుందని చెప్పిందట. తిన్నది పడలేదేమో అనుకున్నారు. ట్రాక్టరులో ఆళ్ళగడ్డకు, అక్కడి నుంచి జీపులో నంద్యాలకు తెచ్చారు.

బడికి మనిషి వచ్చి చెప్తే నేను ఆసుపత్రికి పరిగెత్తాను. గోదాముకు కబురు పంపితే ఆయన పని బట్టలతోనే వచ్చాడు. మంచం దగ్గర వంగి దాని ముఖం చూశాడు, ఊపిరి వాసన చూశాడు. తిరిగి తమ్ముణ్ణి అడిగాడు.

"యాడ పెడ్తివి?"

తమ్ముడు మరదలి మీది దుప్పటి సరిచేశాడు.

"బిళ్ళలు యాడ పెడ్తివప్పా?"

"గాదెల్లో" అన్నాడు తమ్ముడు. ఆయన వెంటనే డాక్టరు దగ్గరికి పోయి చెప్పాడు. డాక్టరుగారు పెద్దాయన, మంచివాడు. చేయగలిగిందంతా చేశాడు. నన్ను పక్కకు పిలిచి, "దీనికి విరుగుడు లేదమ్మా. గుండె తట్టుకుంటే బతుకుతుంది" అన్నాడు.

అన్నిటికన్నా ఘోరం ఏమంటే దానికి తెలివి పోలేదు. చివరిదాకా తెలివిగానే ఉంది. "దప్పికయితాంది వదినా" అంటే తడిగుడ్డతో పెదాలు తుడిచాను. "పాప యాడుంది?" అని అడిగింది. "నాకు బాగయితాదా? అన్నను అడుగు, ఆయనకు తెలుస్తాది" అన్నది.

ఆయన వచ్చి దాని తల మీద చెయ్యి పెట్టాడు. "బాగయితాది తల్లీ" అన్నాడు. ఆయన నోటి నుంచి అబద్ధం రావడం నేను విన్నది అదే మొదటిసారి. చెప్పి వరండాలోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం అది పోయింది.

సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే తమ్ముడు కన్నీళ్ళు లేకుండా నిలబడి చూశాడు. మట్టి వేశాక మా ఆయన తన గ్యాసు ముసుగు తొడుక్కుని ఒక్కడే తమ్ముడి ఇంట్లోకి పోయాడు. కిటికీ, తలుపులు తెరిచి, గాదెలు బయటికి లాగి, ఇంకెవరూ లోపలికి పోకుండా వాకిట్లోనే కాపలా కూర్చున్నాడు. బిళ్ళలు బూడిదలాగా రాలి మిగిలాయి. దాన్ని జాగ్రత్తగా ఎత్తి విచారణకు వచ్చిన వ్యవసాయాధికారి చేతికిచ్చాడు. అధికారి ఆ అంగడంతా వెతికాడు. అప్పటికి అక్కడ ఏమీ లేదు.

కేసయితే పెట్టారు. లైసెన్సు లేని మందు అమ్మినందుకు, పేరు, గుర్తు ఉండే చీటీ లేకుండా విడిగా అమ్మినందుకు. వాయిదాల మీద వాయిదాలు పడి, పాప బడికి పోయే ఈడు వచ్చాక ఆళ్ళగడ్డ కోర్టులో మా తమ్ముడు బోనెక్కాడు. అంగడాయన వకీలు గట్టిగా కూడా అరవలేదు, నిదానంగా అడిగాడు.

"పొట్లం మీద మందు పేరుందా?"

"ల్యా సార్."

"కంపెనీ పేరు? గుర్తు?"

"ఏం ల్యా సార్. ఉత్త పేపరే."

"మరి అది ఆ మందే అని నీకెట్ల తెలుసు? ఈ అంగట్లోదే అనేదానికి రుజువేముంది?"

తమ్ముడు బావ వైపు చూశాడు. ఆయన తల దించుకున్నాడు. బూడిదలో పరీక్షకు పనికొచ్చేది ఏమీ మిగల్లేదని పరీక్ష చేసినవాళ్ళ నుంచి అప్పటికే కాగితం వచ్చింది. చీటీ లేకపోవడమే నేరం, ఆ చీటీ లేకపోవడం వల్లే నేరం నిలబడలేదు. కేసు కొట్టేశారు. అంగడాయన మా ముందు నుంచే మెట్లు దిగిపోయాడు.

కోర్టు బయట చెట్టు కింద తమ్ముడు ఆగాడు. అన్నేళ్ళుగా లోపల పెట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"ఆ పొద్దు నువ్వు ఇచ్చింటే ఎట్ల పెట్టాల్నో చెప్పింటావు బావా. నువ్వే వచ్చి పెట్టింటావు. మమ్మల్ని బయట పండుకోమనింటావు. అది బతికింటాది."

నాకు ఒళ్ళు మండింది. "ఏంరా ఆ మాట..." అని ముందుకు పోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తమ్ముడు దొర్నిపాడు బస్సు ఎక్కాడు. మేము నంద్యాల బస్సు ఎక్కాం. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాడు.

"వాడు చెప్పేదాంట్లో అబద్ధమేముంది?" అన్నాడు చివరికి.

"నువ్వు చట్టప్రకారమే నడుచుకుంటివి గదా" అన్నాను.

"నన్ను ఆపింది ఆ చట్టం. అంగడోన్ని ఆపల్యా."

పాప మా దగ్గరే పెరిగింది. తమ్ముడు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. నెలకో రెండు నెలలకో ఏదో పని పెట్టుకుని నంద్యాలకు వచ్చేవాడు. కానీ మా ఇంటికి వచ్చేవాడు కాదు. మా బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడేవాడు. కూతురి చేతిలో జామకాయలో, శనక్కాయలో పెట్టి, దాని జడలు సరిచేసి, పలక మీద అది రాసింది చదివించుకుని వినేవాడు.

"ఇంటికి రారా, రొంత అన్నం తినిపో" అని నేను ప్రతిసారీ పిలిచేదాన్ని.

"ఇంగో తూరి వస్తాలేక్కా" అనేవాడు. "బావ బాగుండాడా?"

"బాగుండాడు."

ఇంటికి పోయాక ఆయనా అదే అడిగేవాడు, చెయ్యి కడుక్కుంటూ, నా ముఖం చూడకుండా. "వాడు బాగుండాడా?"

"బాగుండాడు" అని అన్నం వడ్డించేదాన్ని.