నీతి పుస్తకంలో తవుడు

దెయ్యాలున్నాయని నేను ఎప్పుడూ నమ్మలేదు. పుట్టింది కొల్లేటికోటలో. నీళ్ళలో పడి పోయినవాళ్ళను చిన్నప్పటినుంచీ చూశాను. వాళ్ళెవరూ తిరిగి రాలేదు. చదివింది ఐదో తరగతి. ఇలా రాయడం ఇదే మొదలు, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

తాడేపల్లిగూడెం దగ్గర ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఊడ్చి తుడిచే పని నాది. అక్కడ ఒక గది నిండా నీతి గురించిన పుస్తకాలే. ఏది తప్పు, ఏది ఒప్పు అని పెద్దపెద్దవాళ్ళు రాసినవట. చదివేవాళ్ళు తక్కువ, దుమ్ము ఎక్కువ.

మొన్న వేసవిలో మా తమ్ముడు పోయాడు. మా ఊళ్ళోనే ఒక చేపల చెరువుకి కాపలా ఉంటూ గట్టు మీదే కాపురం ఉండేవాడు. మోటారు వైరు తెగి నీళ్ళలో పడి కరెంటు కొట్టింది. ఆ వైరు పాడైందని చెరువు యజమానికి రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నేను పక్కనే ఉన్నాను.

కానీ పోలీసులు అడిగినప్పుడు, కాలు జారి పడ్డాడని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. యజమాని మనుషులు గుమ్మంలో నిలబడి ఉన్నారు. మా మరదలు, తమ్ముడి పెళ్ళాం, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

పెద్దకర్మ అయ్యాక పనిలోకి వచ్చాను. ఆ పొద్దున్నే నీతి గదిలో, కింది అరలో ఒక పుస్తకం తడిసి ముద్దయి ఉంది. అటూ ఇటూ ఉన్నవి పొడిగానే ఉన్నాయి. ఆ గదిలో పైపు లేదు. వాన పడి నెల దాటింది. తెరిస్తే కాగితాల మధ్య తవుడు. చేపలకు మేతగా వేస్తారే, ఆ తవుడు. చెరువు వాసన కూడా.

లైబ్రేరియన్ మేడంగారు వచ్చి చూశారు.

“ఇదేంటమ్మా, పుస్తకంలో చేపల్ని పెంచుతున్నావా?”

“తడిగుడ్డ కూడా తగలనివ్వలేదండి.”

మా ఊళ్ళో చేపలు ఎండబెట్టినట్టే, డాబా మీద తిప్పి తిప్పి ఎండబెట్టాను. సాయంత్రానికి ఆరింది. మర్నాడు మళ్ళీ తడి. మేడంగారు దాన్ని ఇనప బీరువాలో పెట్టి, తాళంచెవి తన బ్యాగులోనే ఉంచుకున్నారు. పొద్దున తీస్తే అదే తడి, అదే తవుడు. ఆవిడ ఇంక జోకులు వెయ్యలేదు.

అందులో ఏముందని అడిగాను. కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు.

“తెలిసిన నిజం చెప్పకపోతే ఆ తప్పు ఎవరిదీ అని రాసినాయన అడుగుతున్నాడమ్మా.”

“ఎవరిదంటున్నాడండి?”

“తర్వాతి పేజీలు అంటుకుపోయాయి. లాగితే చిరిగిపోతాయి.”

ఆ ఆదివారం కొల్లేటికోట వెళ్ళాను. స్టేషన్‌కి వెళ్ళి ఉన్నది చెప్పేస్తానన్నాను. బియ్యం ఏరుతున్న మరదలు చేట కింద పెట్టేసింది.

“మీరు చెప్పేసి గూడెం బస్సెక్కుతారండీ వదినగారూ. మేం ఆ చెరువు యజమాని గట్టు మీదే బతకాలి కదా. రేపొద్దున పొమ్మంటే పిల్లల్నేసుకుని నన్నెక్కడికి పొమ్మంటారు?”

నాకున్నది ఒక్క అద్దె గది. స్టేషన్‌కి వెళ్ళకుండానే బస్సెక్కాను.

తాళం వేసిన బీరువాలోకి నీళ్ళెలా వస్తున్నాయో మేడంగారికీ తెలీదు, నాకూ తెలీదు. రోజూ తీసి ఆరబెడుతున్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా అది డాబా మీద ఎండలోనే ఉంది.

ఇది పత్రికకి పంపుదాం, కింద సంతకం పెట్టమన్నారు మేడంగారు. పోలీసుల కాగితం మీద పెట్టిందీ ఈ సంతకమే. పెట్టలేకపోయాను.