ఫ్యాను మీద జరిగిన పంచాయితీ

మొన్న గండి గుడికి పోతూ, దారిలో బస్సు షెల్టరులో కూర్చొని ఊరికే కుర్చీ చేతి మీద గోరు పెడితే రంగు పెచ్చుగా లేచి వచ్చింది. దాని కింద ఇంకో రంగు, దాని కింద తుప్పు. ఆ రెండు రంగులూ ఏ పార్టీలవో మన ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు, నేను చెప్పను కూడా, వాటి పేర్లు నోటితో పలకాలంటేనే నాకిప్పటికీ రోత.

మా మేనమామ గొర్రెలు మేపుకొనే ఇంట్లో పుట్టి, ప్రొద్దుటూరులో పౌడరు కోటింగు షెడ్డు పెట్టుకున్నాడు, పెళ్లయిన కొత్తలో నేనూ అందులోనే పనిచేశాను. కుర్చీలకు, కిటికీ కమ్మీలకు పిండిలాంటి రంగుపొడిని కరెంటు గన్నుతో చల్లి, పెద్ద పొయ్యిగదిలో కాలిస్తే, అది కరిగి పెసరబద్దకు పొట్టు పట్టినట్టు ఇనుముకు పట్టుకునేది. జిడ్డూ తుప్పూ వదిలించి కడిగి ఆరబెట్టిన ఇనుమును ఎవరూ వట్టి చేత్తో ముట్టకూడదు, వేలి జిడ్డు తగిలినచోట రంగు లేచిపోతుందని, అది మడి కట్టుకుందని మామ అనేవాడు. గొర్రెలవాళ్ల ఇంట్లో ఇనుముకు మడేమిటని గుళ్లో అయ్యవార్లు నవ్వేవాళ్లు. ఇనుము తగిలించే కొక్కీల మీద పేరుకున్న పాతరంగును ఎప్పటికప్పుడు గీకించేవాడు, లేకుంటే ఇనుముకు ఎర్తు అందక నిప్పురవ్వ పుడుతుంది. గదిలో కమ్ముకున్న పొడికి ఆ రవ్వ తగిలితే భగ్గుమంటుంది కనుక, గాలిని బయటికి లాగే ఫ్యాను తిరగనిదే గన్ను ముట్టేవాడు కాడు.

ఎన్నికల ముందు ఒక నాయకుడు బస్సు షెల్టర్ల కుర్చీలను లారీతో దింపించి, తన పార్టీ రంగు వేయమన్నాడు. కాదనే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికుంది. ఫ్యానుకు కట్టిన గుడ్డసంచి ఎంత పట్టినా సన్నటి పొడి కొంత సందులోకి పోయి, కొత్తగా సున్నం కొట్టించిన ఎదురింటి గోడ మీద పడింది, ఆ ఇల్లేమో రెండో పార్టీ పెద్దమనిషిది. ఇంకోచోటైతే దుమ్మనుకొని కడుక్కునేవాళ్లు, మావైపు అది సవాలు. సాయంత్రానికి కట్టెలు పట్టుకొని వాళ్ల మనుషులు వచ్చారు, ఆ కబురు విని నాయకుడి జీపులు వచ్చాయి.

ఇరుపక్షాల పెద్దలూ షెడ్డు ముందరే కూర్చొని, మా టీలే తాగి, తీర్పు చెప్పారు. పని ఆగకూడదు, అది నాయకుడి పరువు. ఫ్యాను తిరగకూడదు, అది ఎదురింటాయన పరువు. లోపల నిలబడి చల్లే మనిషి ఎవరి లెక్కలోనూ లేడు. మామ రెండు పక్షాలకూ దండం పెట్టాడు.

"గాలికి పార్టీ లేదప్పా. ఫ్యాను ఆపితే పొడి ఈడనే నిలబడతాది, రవ్వ తగిలితే మనిషి మిగలడు."

రెండు దినాలు ఓర్చుకోలేవా అని రెండు పక్షాలూ ఒకే గొంతుతో కసిరాయి. వాళ్లు ఒక్కమాట మీద నిలబడగా నేను చూసింది అదొక్కసారే.

మరునాడు మామ మమ్మల్నందరినీ బయటికి పంపి, తలుపేసుకొని ఒక్కడే చల్లాడు. వాళ్ల తొందరలో కొక్కీలు గీకే సందు కూడా దొరకలేదు. మధ్యాహ్నం షెడ్డులో దభీమని పెద్ద చప్పుడైంది, మొహమూ చేతులూ కాలిపోయి బయటికొచ్చి పడ్డాడు. ఒక కన్ను మళ్లీ తెరుచుకోలేదు.

మా ఊళ్లో ఆ రోజుల్లో చప్పుడంటే బాంబే, ఆస్పత్రికి చేరేలోగానే ఊరంతా ఆ మాటే. ఇరువైపుల పెద్దలూ పళ్లబుట్టలతో మంచం చుట్టూ చేరారు. బాంబు వేసింది అవతలివాళ్లని నోటితో ఒక్కసారి అంటే చాలని వీళ్లు ఒక చెవిలో, వాళ్లు ఒక చెవిలో బతిమాలారు. బయట జీపుల్లో మనుషులు ఆ మాట కోసమే కాచుకున్నారు. మామ ఆ మాట అంటే తెల్లారేలోగా జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఎన్ని ఇళ్లలో ఏడుపులు లేచేవో. ఎవరో ఒకరి పేరు చెప్పి ఒక పార్టీ నీడన బతుకుదామని అత్త కూడా కాళ్లు పట్టుకుంది.

"బాంబు కాదప్పా, పొడి," అన్నాడు మామ కట్ల సందులోంచి. "ఫ్యాను ఆపిచ్చింది మీరే, ఇద్దురూ."

తెచ్చిన పళ్లబుట్టలు కూడా ఎత్తుకొని పోయారు. ఇంతకన్నా నీచం నేను ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు ఆ పనిచేసే షెడ్లలో మూతికి మాస్కులు, చేతులకు తొడుగులు, చల్లిన పొడిలో మిగిలిందాన్ని వెనక్కి పీల్చుకొనే మిషన్లు వచ్చాయి, ఫ్యాను ఎటు తిరిగినా అడిగేవాడు లేడు. బాంబుల మోత కూడా సద్దుమణిగింది, సంతోషమే. మామ మాత్రం మళ్లీ గన్ను పట్టలేదు, పెండ్లిమర్రి దగ్గర అన్నదమ్ముల గొర్రెల వెంట ఒంటికన్నుతో ఏండ్లకేండ్లు తిరిగి, పోయిన వేసవిలో కన్నుమూశాడు. దినాలనాడు భోజనాల బంతిలో కూర్చున్నవాళ్లు, బాంబు పడినా బతికిన మొండిమనిషని ఆయన్ను మెచ్చుకుంటూ తింటున్నారు. చారు వడ్డిస్తున్నవాణ్ని ఆగి, అది బాంబు కాదు, పొడి అని చెప్పబోయాను. "ఊరుకోప్పా, బాంబేనని ఊరందరికీ తెలిసిందే గదా," అని ఒకాయన విస్తరి ముందుకు జరిపాడు.