వాగు దగ్గర రెండో బండి

అడవి దారుల్లో ఒంటరిగా తిరగాలని ఆరు నెలలు వెతికి, నాలుగు చక్రాలూ లాగే జీపు కొన్నాను. ఎవరి సాయమూ అక్కర్లేని బండి కావాలని నా పట్టుదల.

మణుగూరు దాటాక అడవిలో ఒక వాగు అడ్డొచ్చింది. మోకాలి లోతు నీళ్లే. అయినా ఒడ్డున ఒక పాత ట్రాలీ ఆటో ఆగి ఉంది. నడివయసు డ్రైవరు నీడలో కూర్చున్నాడు.

"బండి చెడిపోయిందా అన్నా?" అన్నాను.

"లే సార్, మంచిగనే ఉంది. ఇంకో బండి రావాలె. ఈ వాగు మేం ఒక్కరం దాటం. ఒకటి దిగబడితే ఇంకోటి గుంజాలె గద!"

"ఎప్పట్నుంచి చూస్తున్నారు?"

"పొద్దుగాల్నుంచి."

నా జీపు గొప్పలు మొదలుపెట్టాను. ఆయన టైర్ల వంక చూడనే లేదు, ఖాళీ సీట్ల వంక చూశాడు.

"ఒక్కరే వచ్చిండ్రా సార్?" అన్నాడు జాలిగా. "సరే, ఇగ మీరొచ్చిండ్రు గద. పోదాం పాండ్రి."

ముందు ఆయన, వెనక నేను. అవతలి ఒడ్డున ఆగి, నా జీపు గట్టెక్కేదాకా చూసి, చెయ్యి ఊపి తన ఊరి దారి పట్టాడు.

కాస్త దూరం పోయాక మళ్లీ ఒక వాగు. నా జీపుకు అదొక లెక్క కాదు. అయినా ఇంజను ఆపేసి, అద్దంలో వెనక దారి చూస్తూ కూర్చున్నాను. పొద్దు వాలినా ఎవరూ రాలేదు.