దొరవారిసత్రంలో దిగినవాడు

పందొమ్మిదివందల అరవైల్లో ఒక ఉదయం తడ నుంచి నెల్లూరు వెళ్లే బస్సులో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. మద్రాసు దగ్గర ఉక్కు మిల్లు మూతపడి, కొలిమి దగ్గర ఆయన చేసే పని పోయిందట.

"విడవలూరులో ఇంటిదానికి ఇంకా చెప్పలేదు సార్. ఇంకో పని దొరికినాక చెబుదామని ఉండా" అన్నాడు.

దొరవారిసత్రంలో ఇంజను వేడెక్కి బస్సు ఆగింది. రోడ్డు పక్కన తన కొలిమి ముందు ఒక ముసలి కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కిస్తున్నాడు. పట్టాను చక్రం కంటే కాస్త చిన్నదిగానే చేస్తారు. పిడకల మంటలో కాలి సాగినప్పుడు ఎక్కిస్తే, చల్లారాక బిగుసుకుంటుంది. ఎంత చిన్నదిగా చేసి ఉంటాడోనని నేను లెక్క వేసుకుంటున్నాను. తోడుమనిషి లేక ముసలాయన ఒక వైపు దించితే రెండో వైపు లేస్తోంది.

నా పక్కనాయన గబగబా దిగి రెండో పటకారు అందుకున్నాడు.

"ఆగు పెద్దాయనా, ఇంకా ఎర్రబడాల!"

"నాకే చెప్తావా? ముందు నీ పంచె ఎగ్గట్టు, అంటుకుంటాది!"

పట్టాను మళ్లీ మంటలో పెట్టి, ఎర్రబడ్డాక ఇద్దరూ కలిసి చక్రం మీదకు దించి నీళ్లు పోశారు. కొయ్య బిగుసుకున్న చప్పుడు బస్సులోకి వినిపించింది.

"చక్రాలు ఇంకా శానా ఉండాయి. ఉంటావా?" అన్నాడు ముసలాయన.

"రావయ్యా, టిక్కెట్టు నెల్లూరు దాకా ఉండాదే!" అని కండక్టరు అరిచాడు.

ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు. "నా మూట అందించండి సార్. ఈరోజే ఇంటికి జాబు రాసేస్తా."

బస్సు కదిలేసరికి ఆ మూట కొలిమి గోడకు, ముసలాయన చొక్కా పక్కనున్న మేకుకు వేలాడుతోంది. ఇప్పటికీ ఆ దారిన వెళితే కొలిమి కనిపించే వైపే కూర్చుంటాను.