కంకి గుర్తు పుల్లీ

మా జీపు ఇంజన్ ముందు వైపు నూనె కారడం మొదలయ్యాక రెండుసార్లు సీల్ మార్పించాను. క్రాంక్ షాఫ్ట్ ముందు కొసకు బిగించే పుల్లీ మెడను చుట్టి పట్టుకునే రబ్బరు వలయం అది. రెండోది నెల కూడా ఆగలేదు.

దామరచర్ల దగ్గర జరిగే జీపుల పందెంలో పోయినసారి తనిఖీ మనిషి బండి కింద అట్టముక్క పరిచాడు. దాని మీద నల్లటి చుక్కలు పడ్డాయి. నూనె కారే బండిని పందెంలోకి రానివ్వరు. అందరూ చూస్తుండగా బండిని వెనక్కి తిప్పుకున్నాను.

"మిల్లు బాయె, బండన్న సక్కగ వెట్టుకోకపాయె" అని జనంలో ఎవరో అన్నారు. నేను తిరిగి చూడలేదు.

నేరేడుచర్లలో మా రైస్ మిల్లు చేతులు మారి చాలా ఏళ్లయింది. మా ఇంటి పేరుతో మిగిలింది ఆ జీపు ఒక్కటే. ఈసారి కూడా వెనక్కి పంపితే మళ్లీ ఆ మైదానంలో కాలు పెట్టకూడదనుకున్నాను.

కోదాడ మెకానిక్ మూడోసారి ఇంజన్ విప్పాడు. కొత్త సీల్ సూర్యాపేట నుంచి నేనే తెచ్చాను. అతను దాన్ని ముట్టుకోలేదు. పుల్లీ మెడ మీద గోరు పెట్టి చుట్టూ తిప్పాడు.

"ఇటు చూడండి సార్, గాడి పడింది. అదీ ఒక పక్కే లోతు. పుల్లీ ఊగుతోంది, సీల్‌ని తినేస్తోంది. మీరు జపాన్ నుంచి తెచ్చినా ఇంతే."

ఇంజన్‌ను పందేలకు మార్పించినప్పుడు ఆ పుల్లీని మిర్యాలగూడ లేత్‌లో చేయించింది నేనే. మా బియ్యం బస్తాల మీద ఉండే వరికంకి గుర్తును దాని ముఖం మీద ఒక పక్కన లోతుగా కోయించాను.

పుల్లీ తీసుకుని మిర్యాలగూడ వెళ్లాను. లేత్ మేస్త్రీ ఒకప్పుడు మా మిల్లులో యంత్రాలు బాగుచేసినవాడు. నన్ను చూసి లేచాడు, స్టూలు తుడిచాడు. నేను కూర్చోలేదు.

అతను పుల్లీలోకి నున్నటి కడ్డీ దూర్చి, రెండు ఇనుప బద్దల అంచుల మీద పెట్టి మెల్లగా దొర్లించాడు. అది అటూ ఇటూ ఊగి ఆగింది. కంకి పైకి వచ్చింది. మళ్లీ దొర్లించాడు. మళ్లీ కంకే పైకి.

"కోసిన పక్క తేలికైంది దొరా. బరువున్న పక్క కిందికి గుంజుతది. ఇంజన్ జోరుమీదుంటే ఇగ ఊగుడే."

"ఈ సంగతి అప్పుడు తెలియదా నీకు?"

"ఎర్కే."

"మరెందుకు చెప్పలేదు?"

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"మీ నాయినకు ఒకపారి చెప్పిన దొరా. మిల్లు షాఫ్టు ఊగుతున్నది, జర ఆపుండ్రి అని. హమాలీలందరి ముంగట 'నువ్వు నాకు చెప్పేటోనివారా' అన్నడు. నాల్గొద్దులకు బెల్టు తెగింది. ఒకాయన చెయ్యి పోయింది. గప్పటిసంది మీ ఇంటోళ్లకు చెప్పుడు బంద్ వెట్టిన. మీరు కాగితం మీద గీసుకొచ్చి, గీసినట్టు కొయ్యి అన్నరు. కోసిన."

ఆ చెయ్యి సంగతి నాకు తెలుసు. అది హమాలీ అజాగ్రత్త వల్లే పోయిందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లం. ముందే ఒకరు హెచ్చరించారని ఎవరూ చెప్పలేదు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాను.

"అవుతల పక్క గూడ కోస్తే బరువు సమానమైతది గని, పల్చగై పగుల్తది. బండితోని వచ్చిన కంపెనీ పుల్లీ ఉన్నదా?"

"షెడ్డులో ఉంది."

"గది తెండ్రి. దాని మెడకు పాత గీతలుంటే సన్నటి స్టీలు తొడుగు ఎక్కిస్త. సీల్ దాని మీద ఆనుతది. గీ కంకిని మాత్రం పక్కకు వెట్టుండ్రి."

అతను చెప్పినట్టే చేశాను. తొడుగెక్కిన కంపెనీ పుల్లీని, కొత్త సీల్‌ను కోదాడలో బిగించారు.

పందెం రోజు మళ్లీ అట్టముక్క పరిచారు. ఇంజన్‌ను ఎంత మోత మోగించినా అట్ట పొడిగానే ఉంది. తనిఖీ మనిషి వంగి చూసి, "గీ పని ఎవలు చేసిన్రు సార్? మస్తు చేసిన్రు" అన్నాడు.

'మా మిల్లు మేస్త్రీ' అనబోయి ఆగాను.

"మిర్యాలగూడలో లేత్ నడుపుకునే ఆయన."

అతను చీటీ మీద సంతకం చేసి ఇచ్చాడు. బండిని వరుసలోకి తీసుకెళ్లి నిలిపాను. ఆ హమాలీ బతికున్నాడో లేడో మేస్త్రీని అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. అడిగితే చెప్పేవాడే.