ఇంజిన్ లైటు ఆరితే

చిలకలగూడలోని మా ఇంట్లో లోపలినుంచి గొళ్ళెం పెట్టుకునే వీలున్నది బాత్రూముకే. అందులోనూ కాసేపు ఎక్కువుంటే ఎవరో ఒకరు తలుపు కొడతారు. అందుకే మామయ్య పోయాక గల్లీలో దుమ్ము పట్టిన ఆయన పాత కారును తోలడం పట్టుబట్టి నేర్చుకున్నాను. మల్కాజ్‌గిరిలో నేను లెక్కలు చెప్పే బడికి అందులోనే పోతాను. అద్దాలు ఎక్కించుకున్నానంటే నన్నెవరూ టీ అడగరు. ట్రాఫిక్ ఆగితే చుట్టూ అందరూ తిట్టుకుంటారు, నాకు మాత్రం పండగ.

దసరా అయిన కొన్నాళ్ళకు స్టీరింగ్ వెనక పసుపురంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. బండి దగ్గుతూ నడిచేది, సిగ్నల్ దగ్గర ఆగిపోయేది. మా ఆయన చూసి, "గా డబ్బాకు ఒక్క రూపాయి సుత పెట్ట. బస్సుల పో," అన్నాడు. అమ్ముదామంటే అత్తమ్మ ఒప్పుకోదు, అది ఆమె భర్త బండి. కాబట్టి కారు గల్లీలో పడి ఉంటుంది, నేను బస్సులో వేలాడతాను, అంతే. ఆ రోజు నాకు నిజంగా ఊపిరాడలేదు.

అగ్గిపెట్టెంత స్కానర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. స్టీరింగ్ కింద గుచ్చితే ఫోన్‌లో పీ జీరో వన్ జీరో టూ అని కోడ్ వచ్చింది. ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే సెన్సర్ నుంచి సిగ్నల్ సరిగ్గా అందడం లేదని దానర్థం. అందరూ చేసే తెలివితక్కువ పనే మొదట నేనూ చేశాను. క్లియర్ నొక్కాను. లైటు ఆరింది. మోండా మార్కెట్‌కు పోయి కూరగాయలు తెచ్చేలోపు మళ్ళీ వెలిగింది. ఎయిర్ ఫిల్టర్ దులిపినా అదే గోల.

ఆదివారం బ్యాటరీ వైరు విప్పి, సెన్సర్ ప్లగ్ ఊడదీశాను. లోపల పసుపు ముద్ద, కుంకుమ, పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము.

అప్పుడు వెలిగింది నాకు. దసరానాడు అందరూ టైర్లకూ బానెట్‌కూ బొట్లు పెట్టి ఊరుకుంటారు. మా అత్తమ్మకు అది చాల్లేదు. బానెట్ ఎత్తించి, లోపల ఎత్తుగా కనిపించిన ప్రతిదానికీ తడి పసుపు రాసి, కొబ్బరినీళ్ళు దాని మీదే వంపింది. ప్లగ్ రబ్బరు ఎప్పుడో చిరిగిపోయింది మరి. "పోయినదానివి పోయినట్టె ఇంటికి రావాలె బిడ్డా," అంది. నా కోసం పెట్టిన బొట్టు. కోపం మాత్రం బాగానే వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

చిలుము వదిలించే స్ప్రే కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమాను. ఆరాక బిగించాను. లైటు ఆరింది, మళ్ళీ వెలగలేదు.

"ఏందే అది?" గుమ్మంలోంచి అత్తమ్మ అడిగింది.

"దుమ్ము అత్తమ్మా."

నా చేతిలోని పసుపు బ్రష్‌ను చూసి లోపలికి పోయింది.

సాయంత్రం మా ఆయన ఒక చుట్టు తిప్పొచ్చాడు. "మస్తు పోతుంది. రేపటి సంది నేను తీస్కపోత. బైక్ మీద పరేషాన్ అయితున్న."

"నాకు కావాలి," అన్నాను.

"నీకు బస్సు ఉంది కద," అన్నాడు. మాట అక్కడితో అయిపోయింది. చేతులారా బాగుచేసి, చేతులారా అప్పగించాను. ఏడుపొచ్చింది.

పొద్దున ఆయన స్నానంలో ఉండగా ప్లగ్ సగం ఊడదీసి పెట్టాను. గల్లీ చివరి దాకా పోయి తిరిగొచ్చి తాళంచెవి బల్ల మీద విసిరాడు. "మళ్ళ షురూ అయింది. నువ్వే తోల్కో."

మలుపు దాటాక ఆపి, ప్లగ్ నొక్కి, కోడ్ క్లియర్ చేసి హాయిగా పోయాను. సాయంత్రం అదే మలుపు ముందు ఆపి, ప్లగ్ వదులు చేసి, దగ్గే బండితో ఇంటికొచ్చాను. అప్పటినుంచి రోజూ ఇదే. బండి నాది కావాలంటే ఇంటి ముందు అది చెడిపోయి ఉండాలి. నా మీద నాకే రోత పుడుతుంది, అయినా మానలేను.

మొన్న శుక్రవారం అత్తమ్మ కుంకుమ పళ్ళెంతో వచ్చి టైర్లకు బొట్లు పెట్టింది. దసరానాటిలా లోపల కూడా పెడుతుందేమోనని నేను బానెట్ ఎత్తబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపల నాకెందుకే. అది నువ్వు చూస్కుంటున్నవ్ కద."

తర్వాత ఇంట్లోకి తిరిగి, కొడుక్కు వినపడేలా గట్టిగా అంది: "ఆ బండిని ముట్టకుర, గది ఇగ బాగుకాదు."